దానయ్య చుట్ట కాలే సేపు

పోయి పన్నెండు రోజులైనా దానయ్య కొండెక్కుతూనే ఉన్నాడు.

మనిషి కాదు లెండి, గొంతు. ఆ పొద్దున కుంపటి కొండ మీద ఎనిమిదిమంది ఎనిమిది కర్రలు పట్టుకుని నడుస్తున్నారు. ముల్లు నేలలో గుచ్చి నాలుగు క్షణాలు ఆగితే చాలు, కర్రలోంచి దానయ్య పలుకుతున్నాడు. "మంచిదే. ఎల్దాం." ఆ మాట వినబడ్డాకే వాళ్లు ముందుకు కదులుతున్నారు.

ఆ కర్రల్ని తయారుచేసిన నూకరత్నం మాత్రం కొండ మీద లేదు. సముద్రానికి ఇవతల, పేట దీవిలో, దానయ్య ఇంటి ముందు స్కూటరు ఆపి సంచీలోంచి చుట్టల కట్ట తీస్తోంది. దానయ్య ఆమెకు పెదనాన్న, తండ్రికి సొంత అన్న. పెద్దకర్మ రోజున పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టడం వాళ్ల ఇళ్లలో ఆచారం. పెదనాన్నకి చుట్టంటే ప్రాణమని తను పనిచేసే పరిశోధన కేంద్రంలో అటెండరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ తెలుసు. ఆ సంగతి ఫైళ్లలో కూడా ఎక్కింది. అందుకని రత్నం నిన్న బజారంతా తిరిగి, అచ్చం ఆయన కాల్చే రకమే వెతికి మరీ తెచ్చింది.

మూడు తరాల కిందట శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ వచ్చేసిన పల్లెకారుల కుటుంబం వాళ్లది. పేట దీవి నుంచి పడవలో రెండు గంటలు పోతే ఇంకో చిన్న దీవి, దాని నడుమ నాలుగు వందల మీటర్ల కొండ. పటాల్లో దానికేదో నంబరుంది. మనవాళ్లు మాత్రం కుంపటి అన్నారు, అదే నిలిచిపోయింది. చిన్న అగ్నిపర్వతమే గాని నిద్రపోయే రకం కాదు. రోజుకు పదిసార్లయినా ఉలిక్కిపడి నాలుగు ఎర్రటి రాళ్లు పైకి విసురుతుంది, మళ్లీ ఏమీ ఎరగనట్టు పొగ వదులుతూ కూర్చుంటుంది. దాని అంచు దాకా నడిచి లోపలికి తొంగి చూడాలని దేశదేశాల నుంచి జనం వస్తారు. జనం వెర్రి జనానిది.

ఇవాళ ఎక్కినవాళ్లు అలాంటి యాత్రికులు కారు. మార్గదర్శి లేకుండా, కర్రల్ని మాత్రమే నమ్ముకుని ఎక్కుతున్న మొట్టమొదటి బృందం. కేంద్రంలో రత్నంతో కలిసి పనిచేసే కౌశిక్ ముందు నడుస్తున్నాడు. వెనక ఆరుగురు సిబ్బంది. ఎనిమిదో మనిషి తరళ, రత్నం ఒక్కగానొక్క కూతురు, పందొమ్మిదేళ్లది. తాత దినం పెట్టుకుని కొండకి పోతావేమే అని తల్లి కేకలేస్తే, తాత గొంతు పట్టుకునే కదా ఎక్కేది, అంతకన్నా కర్మ ఏముందని ఎదురు తిరిగింది. రత్నం కాసేపు గొణిగి, చివరికి అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది. తను చేసిన కర్ర మీద తనకే నమ్మకం లేదంటే ఎలా?

*

కర్ర కథ చెప్పాలంటే తెడ్డు దగ్గర మొదలుపెట్టాలి.

రత్నం చిన్నప్పుడు తాతతో, నాన్నతో, పెదనాన్నతో వేటకి పోయేది. నడిసముద్రంలో తాత తెడ్డు నీళ్లలోకి దించి, పిడిని దవడకి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. కొన్ని చేపలు గుంపుగా పోతూ గురగురమంటాయి. ఆ శబ్దం తెడ్డు వెంట ఎముకలోకి పాకుతుంది. చేప ఉందో లేదో, ఎటు పోతోందో దవడే చెప్పేది. తాత తర్వాత ఆ విద్య దానయ్యకి వచ్చింది.

కుంపటి దీవిని నడకకి తెరిచినప్పుడు దారి చూపే పనికి దానయ్య చేరాడు. మిగతా మార్గదర్శులు టోపీలు, ఈలలు కొనుక్కుంటే ఆయన పాత తెడ్డు పిడి పట్టుకెళ్లాడు. పది బారలు నడవడం, పిడిని నేలలో గుచ్చి దవడ ఆనించడం, వెనకవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడటం, ఆయన తలెత్తి "మంచిదే, ఎల్దాం" అనడం. ఇదీ వరస. పదకొండేళ్లు అలా ఎక్కించి దించాడు. ఆయన వెంట వెళ్లినవాళ్లలో ఒక్కరికి గోరు కూడా ఊడలేదు.

కేంద్రం వాళ్లు కొండ చుట్టూ పాతిన యంత్రాలది వేరే సంగతి. అల కొట్టినా మోగేవి, పడవ ఇంజను తిరిగినా మోగేవి. అసలు రాళ్లు లేచినప్పుడు మాత్రం మోగితే మోగేవి, లేకపోతే లేదు. పెద్ద చదువు చదివి అదే కేంద్రంలో ఉద్యోగానికి చేరిన నూకరత్నానికి ఒక ఆలోచన వచ్చింది. కొండని అర్థం చేసుకునేలా యంత్రానికి నేర్పడం కష్టం. కొండని అర్థం చేసుకున్న మనిషిని చూసి నేర్చుకోమంటేనో?

అలా పుట్టింది వినికర్ర. ముల్లు కొండ అదురుని వింటుంది, కడుపులో ఉన్న యంత్రం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, పిడి దగ్గర చెవి దానయ్య మాటని వింటుంది. ఇలాంటి అదురుకి ఈయన ఇలా అన్నాడు, అలాంటి అదురుకి అలా అన్నాడు. ఐదేళ్లు దానయ్య తెడ్డు పక్కన పెట్టి ఆ కర్ర పట్టుకుని నడిచాడు. తన విద్య కర్రలోకి పోతోందంటే ఆయనకి కోపం రాలేదు సరికదా, ఊళ్లో అందరికీ చూపించుకునేవాడు. మా నూకమ్మ నన్ను కర్రలో పెట్టీసింది అని నవ్వేవాడు.

ఒక్క చోటే మొండికేశాడు. కర్ర ఎప్పుడైనా ప్రమాదమని చెప్పాల్సి వస్తే, ఆ మాట కూడా ఆయన గొంతులోనే ఉంటే బాగుంటుందని రత్నం అడిగింది. "ఆగండి, ప్రమాదం" అని రెండు ముక్కలు. దానయ్య తల అడ్డంగా ఊపాడు. "అది నా నోట అనిపించకమ్మా," అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి దానికి ఒక గంట శబ్దం పెట్టారు.

ఐదేళ్ల నడకల్ని యంత్రానికి పాఠంగా పెట్టే ముందు శుభ్రం చేయాలి కదా. దానయ్య దారిలో తరచూ ఆగేవాడు. కాళ్లు లాగుతున్నాయనేవాడు, ఏదో రాయి చాటున చతికిలబడి చుట్ట వెలిగించేవాడు, అది కాలేదాకా, అంటే ఇరవై నిమిషాలు, లేచేవాడు కాదు. యాత్రికులు కూడా చేసేదేంలేక ఆయన చుట్టూ కూలబడేవాళ్లు. ఐదేళ్లలో అలాంటి విరామాలు నాలుగు వందల పన్నెండు. వాటిల్లో ఏముంది మేడం, గాలి, దగ్గు, ముచ్చట్లు, అన్నాడు కౌశిక్. తీసేస్తే యంత్రం తొందరగా నేర్చుకుంటుంది. రత్నానికీ నిజమే అనిపించింది. ప్రతి విరామాన్నీ మొదట్లో ఒక కోత, చివర్లో ఒక కోత కోసి తీసి, రెండు అంచులూ అతికించేశారు. కోసిన ముక్కలన్నీ 'చెత్త' అని పేరుపెట్టిన చోట పడేశారు. వాటిని శాశ్వతంగా చెరిపేయాలంటే రత్నం సంతకం కావాలి. ఆ కాగితం ఎనిమిది నెలలుగా ఆమె బల్ల మీద ఉంది. ఒళ్లు బద్ధకమే తప్ప అందులో ఇంకే ముందుచూపూ లేదు.

అలా అతికించిన నడకల మీదే పరీక్షిస్తే కర్ర, దానయ్య నూటికి నూరుపాళ్లు ఒకే మాట మీద ఉన్నారు. గంట ఒక్కసారి కూడా మోగలేదు. మూడు దేశాల నుంచి కర్రలు కావాలని ఉత్తరాలొచ్చాయి. మార్గదర్శి వయోభారం వల్ల తరచూ ఆగిపోతున్నాడు కాబట్టి ఇక విశ్రాంతి ఇవ్వవచ్చునని డైరెక్టరు ఫైల్లో రాశారు. దానయ్య కర్ర అప్పజెప్పేశాడు. ఇంటికొచ్చిన రెండు నెలలకే ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు.

*

"ఏటది?" అంది అసిరమ్మ.

వంటింటి గడప దగ్గర కూర్చుని విస్తరి సర్దుతోంది దానయ్య భార్య. వంజరం పులుసు, నెత్తళ్ల వేపుడు, గిన్నెలో చోడి అంబలి. బంధువులు ముప్పైమంది దాకా వాకిట్లో నీడపట్టున కూర్చున్నారు. రత్నం చుట్టల కట్ట విస్తరి పక్కన పెట్టబోయింది.

"పెదనాన్నకి ఇష్టం కదా పెద్దమ్మా."

అసిరమ్మ ఆ కట్టని, రత్నాన్ని మార్చి మార్చి చూసింది. ముఖం గట్టిపడింది. "ఎవులు సెప్పినారు నీకు?"

రత్నం తడబడింది. రోజుకి రెండు మూడయినా కాల్చేవాడని, కొండ మీద అందరూ చూసిందేనని చెప్పింది. తను కూడా చూశానంది. అసిరమ్మ గరిటె కింద పెట్టేసింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. అసిరమ్మ తల్లి ముప్పై ఏళ్లు అడ్డపొగ తాగింది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. దవడ కుళ్లి, తిండి దిగక, కూతురి కళ్లముందే పోయింది. అందుకని పెళ్లిపీటల మీదే దానయ్య చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. పొగ ముట్టనని ఒట్టేశాడు. నలభై ఆరేళ్లు ఈ ఇంట్లో అగ్గిపుల్ల పొయ్యికి తప్ప వెలగలేదు.

"తువ్వాలు వాసనొచ్చీది అప్పుడప్పుడు," అంది అసిరమ్మ, కాస్త ఆగి. "అడిగితే యాత్రకొచ్చినోళ్లు కాలుస్తారే అనీవోడు. ఒకపాలి నమ్మక నెల్రోజులు మాటాడ్నేదు నాను. మంచంలో ఉన్నప్పుడూ అడిగినాను, నిజం సెప్పీ అని. నేదే అన్నాడు. సచ్చిపోతా కూడా అబద్ధమాడీసినాడన్నమాట."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. రత్నం ఆ చుట్టలు ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకుని కట్టని సంచీలోకి తోసేయబోయింది. పెద్దమ్మని ఎలాగైనా ఊరడించాలని, కొండ మీద అలసట తీరడానికి కాల్చి ఉంటాడులే, ఇష్టంతో కాదులే అని ఏదో అంటోంది.

"అలసటేటి?" అంది అసిరమ్మ. "పోయిన యేడు కూడా బియ్యం బస్తా భుజానేసుకుని జెట్టీ నుంచి ఇంటిదాకా ఆగకుండా వొచ్చినాడు. కాళ్లు లాగడం ఏటి ఆ మనిషికి?" అని, తనలో తాను అనుకుంటున్నట్టు, "మీ తాతా ఇలగే. సంద్రం మీద గాలి మళ్లిందంటే మళ్లిందనీవోడు కాదు. వల సర్దుకుందాం రండ్రా అనీవోడు. వల తడిసి కూడా ఉండదు. కుర్రోళ్లు నోరుమూసుకుని పడవ తిప్పీసీవోరు," అంది.

రత్నం చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది.

ఆ సంగతి ఆమెకి తెలియనిదా? ఆ పడవల్లోనే కదా పెరిగింది. నీటి మీద చెడుమాట అనకూడదు, అంటే దాన్ని పేరుపెట్టి పిలిచినట్టే. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. పోతూ పోతూ వెళ్తానని అనరు, వెళ్లొస్తానంటారు. చెడ్డది కళ్లెదుట కనబడుతున్నా పెద్దవాడు దాని పేరెత్తడు, ఇంకేదో పని చెప్పి మనుషుల్ని పక్కకి తప్పిస్తాడు. ఇన్నేళ్ల చదువులో, ఇన్ని యంత్రాల మధ్య, ఆ మాటే మరిచిపోయింది తను.

ఆసుపత్రిలో ఆఖరి వారం దానయ్య అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. కర్ర ఎక్కడెక్కడ కూకుంటాదమ్మా అని అడిగాడు. కర్రకి కాళ్లు నొప్పెట్టవు పెదనాన్నా, అది ఎక్కడా కూర్చోదు అని ఈమె నవ్వేసింది. ఆయన చాలాసేపు పైకప్పు కేసి చూసి, "కూకోవాలమ్మా," అన్నాడు. ముసలాయన పలవరింత అనుకుంది. తిరిగి మందుల చీటీ చదువుకుంది.

కుంపటికి ఊపిరుంది. రెండు మూడు క్షణాలకోసారి సన్నగా అదురుతుంది, కేంద్రంలో అందరికీ తెలిసిన విషయమే అది. ఆ ఊపిరి ఆగితే లోపల ఆవిరి బిగుసుకుంటోందన్నమాట. దానయ్యకి అది దవడలో తెలిసేది. వెంటనే కాళ్లు లాగేవి, చుట్ట వెలిగేది, మనుషులు రాయి చాటుకి చేరేవారు. రాళ్లు లేచి పడి, మళ్లీ ఊపిరి మొదలయ్యాక "మంచిదే, ఎల్దాం" అనేవాడు. తను చేసిందేమిటి? చుట్ట కాలిన సేపంతా కోసేసి, ఊపిరి ఆగిన క్షణాన్ని తీసుకెళ్లి "మంచిదే"కి అతికించింది. కొండ ఎప్పుడు నిశ్శబ్దమైపోతే అప్పుడు నడవమని కర్రకి స్వయంగా నేర్పింది. నాలుగు వందల పన్నెండుసార్లు నేర్పింది.

ఆ కర్ర ఇప్పుడు తరళ చేతిలో ఉంది.

"పెద్దమ్మా, విస్తరి తియ్యకు, నేనొచ్చేదాకా ఎవరినీ లేవనీకు," అని మాత్రం అనగలిగింది.

*

ఇంటి నుంచి కేంద్రానికి స్కూటరు మీద పది నిమిషాల దారి. ఎన్ని నిమిషాల్లో వచ్చిందో ఆమెకే తెలియదు. వినే గదిలో ఎదురుగా పెద్ద తెర మీద కుంపటి ఊపిరి గీతగా పారుతూ ఉంటుంది. ఆ గీత నున్నగా, దువ్వినట్టు పోతోంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు మురిసిపోతూ, నాలుగు నిమిషాల నుంచి కొండ ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి మేడం, ఇలాంటి రోజే దొరికింది మనవాళ్లకి అన్నాడు.

బృందం ఎక్కడుందో చూసింది. ఐదో మలుపు దాటి, బోడివాలు మీద ఉన్నారు. చెట్టూ చేమా లేని బూడిద వాలు. ఎడమపక్క నలభై అడుగుల దూరంలో గొడుగులా వంగిన పెద్ద రాయి. దాని కిందే దానయ్య లెక్కలేనన్నిసార్లు కూర్చున్నాడు.

మైకు అందుకుని కౌశిక్‌ని పిలిచింది. వెంటనే రాయి కిందికి వెళ్లమంది. కౌశిక్ మర్యాదగానే విన్నాడు. మంచివాడే, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ఎనిమిది కర్రలూ మంచిదే అంటున్నాయన్నాడు. ఇంత శుభ్రమైన రీడింగు ఇదివరకెప్పుడూ చూడలేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇవాళ మీకు ఎలాంటి రోజో నాకు తెలుసు మేడం, కావాలంటే ఐదు నిమిషాలు ఇక్కడే నిలబడతాం, మీరు కాస్త మంచినీళ్లు తాగండి అన్నాడు.

ఇక్కడే అంటే ఆ నడివాలు మీద. అంతకన్నా చెడ్డ చోటు కొండ మొత్తం మీద లేదు.

విరామాలు, కోతలు, తాత, వల, ఇవన్నీ అతనికి వివరించాలంటే అరగంట పడుతుంది. అరవాలని గొంతుదాకా వచ్చింది. అరిస్తే పరిగెత్తుతారు. ఆ బూడిద మీద పరిగెత్తితే రాళ్లు పడక్కర్లేదు, దొర్లిపోడానికి అదే చాలు. పొద్దుటి నుంచి ఆ ఎనిమిదిమంది ఒక్క గొంతు మాటే వింటున్నారు. ఆ గొంతు చెబితేనే అడుగేస్తున్నారు.

ఆమె 'చెత్త' తెరిచింది. ముక్కలన్నీ తేదీతో, చోటుతో వరసగా ఉన్నాయి. ఐదో మలుపు, గొడుగు రాయి దగ్గరివి అరవై ఒక్క ముక్కలు. మొదటిదాన్ని పట్టుకుని ఎనిమిది కర్రల్లోకీ వదిలింది.

ముందు ఒక దగ్గు. తర్వాత ఆ గొంతు, తొందరేమీ లేకుండా.

"కాళ్లు లాగుతున్నాయి బాబూ. ఒక్క సుట్ట కాలీదాకా కూకుందాం. ఎండగా ఉంది, ఇలగ రాయి సాటుకి రండి. మెల్లగా రండి, తొందరేటి నేదు."

కర్రలు విన్నదంతా గదిలోకి వస్తోంది. కాసేపు ఏ అలికిడీ లేదు. కర్రలు కలగాపులగం అయిపోయినట్టున్నాయి మేడం అని కౌశిక్ అంటుండగా, అతని మాటకి అడ్డంగా తరళ గొంతు వినబడింది. "మా తాత కూర్చోమన్నాడు. నేను కూర్చుంటున్నాను." బూడిదలో ఆ పిల్ల అడుగులు కరకరమన్నాయి. తర్వాత ఇంకో మనిషివి, ఇంకో ఇద్దరివి. ముందు నడిచినవాడు చివరికి మిగిలాడు. అతను కూడా గొణుక్కుంటూ కదిలాడు.

రత్నం తెర మీది నున్నటి గీతని చూస్తూ నిలబడింది. గదిలో దానయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఇలాంటి ముచ్చట్లనేనా చెత్తలో వేసింది? ఎవరో యాత్రికుడు నవ్వుతూ అడుగుతున్నాడు. తాతా, వెలిగించావు గాని ఒక్క దమ్మూ లాగవేం, ఊరికే చేత్తో పట్టుకుని కూర్చున్నావు?

"మా ఇంటిదానికి మాటిచ్చినాను బాబూ," అన్నాడు దానయ్య. "నోట్లో ఎట్టను. దీన్నిలగ కాలనీండి, సాలు. దీని పొగ ఎటు పోతాదో సూసుకుంటే కొండ పొగ ఎటొస్తాదో తెలుస్తాది. ఇది ఆరీసరికి మన పనీ అయిపోతాది. వాసనకే అది నన్ను సంపీస్తాది గానీ, ఏటి సేస్తాం. అసిరి మంచిదే. నోరే పెద్దది."

అప్పుడు గీత నిలువునా లేచింది.

కర్రల్లోంచి వచ్చిన శబ్దానికి గదిలో గాజు గ్లాసు వణికింది. తర్వాత రాళ్లు పడటం మొదలైంది. ధప్, ధప్ అని, పైనుంచి బస్తాలు దింపుతున్నట్టు. రత్నం రెండు చేతులతో బల్లని పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో తెలియదు. ఆ చప్పుళ్ల మధ్యే దానయ్య ఎవరికో చోడి అంబలి ఎలా కాయాలో చెబుతున్నాడు. చప్పుళ్లు పలచబడ్డాయి. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. మరి లేవు.

"అమ్మా," అంది తరళ. "అందరం ఉన్నాం. కౌశిక్ గారికి భుజం మీద తగిలింది. ఆయన చివర వచ్చారు. నొప్పిగా ఉందిట, కాని మాట్లాడుతున్నారు." మళ్లీ తనే అంది. "అమ్మా, మేం నిలబడ్డ చోట ఇప్పుడు దారి లేదు."

డ్యూటీ కుర్రాడు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. తెర మీద గీత మళ్లీ సన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టింది, రెండు క్షణాలకొకసారి. పాత ముక్క చివరికొచ్చింది. దానయ్య మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచిన మూలుగు. ఆ తర్వాతి మాట కోతకి అవతల ఉండిపోయింది, దాన్ని రత్నం తెచ్చి కలిపింది. "మంచిదే. ఎల్దాం."

వాళ్లు లేచారు. పైకి కాదు, కిందికి.

*

డైరెక్టరుకి ఆ పూటే ఫోన్లో చెప్పేసింది. వినికర్ర ఇక ఎవరి చేతికీ వెళ్లకూడదని, తప్పు తనదేనని, రాసి సంతకం పెట్టి ఇస్తానని. మూడు దేశాల ఉత్తరాలూ ఆయన కళ్లముందు ఆడి ఉంటాయి. కోసినవి మళ్లీ అతికిస్తే పనిచేస్తుందా అని అడిగారు. తెలియదండీ, ముందు ఆ నాలుగు వందల పన్నెండూ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినాలి, ఆ తర్వాతే ఏదైనా అంది. ఇంకో మాట కూడా అంది. దానయ్య తరచూ ఆగుతున్నాడని ఫైల్లో మనం రాసిన వాక్యం కొట్టేయండి, ఆ పని ఇవాళే చేయండి.

మూడు గంటల వేళకి పడవ వచ్చింది. కౌశిక్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లారు, భుజం ఎముక విరిగింది. స్ట్రెచరు మీంచి అతను రత్నం చెయ్యి పట్టుకుని, రాయి కిందికి రావడానికి నేను మెల్లగా నడిచాను మేడం, ఆ పాపే మా అందరికన్నా తెలివైంది అన్నాడు. కర్రని అనుమానించలేదు, మిమ్మల్ని అనుమానించాను అని కూడా అన్నాడు. అతనికి కర్ర మీద అంత నమ్మకం నేర్పింది ఎవరో రత్నానికి తెలుసు. అతని దుప్పటి సరిచేసింది.

జుట్టునిండా బూడిదతో ఉన్న కూతురిని స్కూటరు వెనక ఎక్కించుకుని దానయ్య ఇంటికొచ్చేసరికి నాలుగు. బంధువులు ఇంకా వాకిట్లోనే ఉన్నారు. ఆకళ్లతో ముఖాలు వాడిపోయాయి. ఒకరిద్దరు చాటుగా విసుక్కుంటున్నారు కూడా. అసిరమ్మ మాత్రం గడప దగ్గరే కూర్చుని ఉంది, విస్తరి మీద ఈగ వాలకుండా విసురుతూ. నువ్వొచ్చేదాకా లేవనియ్యద్దన్నావు కదా అంది. తరళ జుట్టు చూసి ఇంకేమీ అడగలేదు. పిల్లని దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది.

రత్నం ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. తర్వాత ఫోను తీసి, ఆ పాత ముక్క పెట్టింది.

దానయ్య మాట్లాడుతుంటే వాకిట్లో జనం కూడా మాటలు ఆపేశారు. కాళ్లు లాగుతున్నాయన్నాడు. రాయి చాటుకి రమ్మన్నాడు. యాత్రికుడు అడిగాడు, ఆయన జవాబు చెప్పాడు. అసిరమ్మ విసనకర్ర ఆగింది. నోరే పెద్దది అన్న చోట ఆమె నోట్లోంచి నవ్వో ఏడుపో తెలియకుండా ఒక శబ్దం వచ్చింది.

"నెల్రోజులు మాటాడ్నేదు నాను," అంది. "నెల్రోజులు. అన్నం పెట్టీసి లేసిపోయీదాన్ని. నోట్లో ఎట్టలేదే అని ఒక్క మాట సెప్పొచ్చు కదా?"

"చెబితే కొండ మాట కూడా చెప్పాలి కదా పెద్దమ్మా," అంది రత్నం. "ఎందుకు వెలిగించాడో చెప్పాలి. ఇంట్లో నీ ముందు ఆ మాట ఎలా అంటాడు?"

అసిరమ్మ విసనకర్ర కింద పెట్టింది. తర్వాత చెయ్యి చాచింది. రత్నానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచీలోంచి చుట్టల కట్ట తీసి ఇచ్చింది.

ఆమె అందులోంచి ఒకటి లాగింది. లేచి పొయ్యి దగ్గరికెళ్లి, నిప్పుకి ఆనించి, ముఖం పక్కకి తిప్పుకుని వెలిగించింది. చేత్తో పట్టుకుని వచ్చి, నెత్తళ్ల వేపుడు పక్కన, విస్తరి అంచు మీద, నిప్పు బయటికి ఉండేలా పెట్టింది. సన్నటి పొగ లేచి కాసేపు తటపటాయించి గుమ్మంలోంచి సముద్రం వైపు పోయింది. బంధువులు అన్నాలకి లేవబోయారు.

"కూకోండి," అంది అసిరమ్మ. "అది ఆరీదాకా ఎవులూ లేవకండి."

ఎవరూ లేవలేదు. తరళ వెళ్లి పెద్దమ్మమ్మ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ చుట్ట పూర్తిగా కాలడానికి ఇరవై నిమిషాలు పట్టింది.